నేటి ధ్యానం: మాట వినని ప్రేమ



వాక్యభాగం: 2 సమూయేలు 13:1–22

దావీదు పెద్ద కొడుకు అమ్నోను. అబ్షాలోము చెల్లెలు తామారు మీద మనసు పడ్డాడు. ఆమె కూడా దావీదు కూతురే. ఆ తలపుతోనే రోజురోజుకీ చిక్కిపోయాడు. చూసినవాళ్లు ఎంత ప్రేమో అనుకుంటారు. స్నేహితుడు యోనాదాబు తప్పని చెప్పలేదు, ఉపాయం చెప్పాడు. అమ్నోను జబ్బు నటించి, వండిపెట్టమని ఆమెను రప్పించుకున్నాడు. వద్దని తామారు బతిమాలినా వినలేదు, బలవంతం చేశాడు. వెంటనే ఆ ప్రేమను మించిన ద్వేషం పుట్టింది. గెంటేయొద్దని ఆమె అడిగితే అప్పుడూ వినలేదు. పనివాడిచేత బయటికి గెంటించి తలుపు గడియ పెట్టించాడు.

ఆమె మాట అతడు వినలేదని వాక్యం రెండుసార్లు చెబుతుంది. ప్రేమకూ పిచ్చికీ తేడా అక్కడే ఉంది. ప్రేమ అవతలి మనిషి మాట వింటుంది.

తమ్ముడూ, ఇంత దూరంలో ఉన్న నాకేం సంబంధం అనుకోకు. పెళ్లయిన కొత్తలో ఆమె గొంతు వినందే నీకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఒక్కసారి ఫోన్ ఎత్తకపోతే ముప్పై మిస్డ్ కాల్స్. "ఎవడితో ఉన్నావ్? కెమెరా తిప్పి ఇల్లంతా చూపించు" అంటావు. ఫొటోలు అందరికీ పంపుతానని బెదిరిస్తావు. రేపు లీవులో వెళ్తే చెయ్యి లేస్తుంది. ఆడదాన్ని అదుపులో పెట్టాలని రూములో ఎవరైనా ఎక్కిస్తే, వాడే నీకు యోనాదాబు.

కోపం వచ్చిన రాత్రి ఫోన్ పక్కన పెట్టు. తెల్లారాక మాట్లాడు. ఇప్పటికే బెదిరించావా, కొట్టావా? ఆమె దగ్గర ఒప్పుకో, క్షమాపణ అడుగు. నీ కాపరికి దాచకుండా చెప్పు.

చెల్లెమ్మా, దెబ్బలు ఓర్చుకోవడం భక్తి కాదు. తామారు ఏ తప్పూ చేయలేదు, నువ్వూ చేయలేదు. ఇంటివాళ్లకు చెప్పు. ఇండియాలో ఉంటే 181కి ఫోన్ చెయ్యి.

పెద్దలారా, దావీదు కోప్పడ్డాడు గానీ కొడుకును శిక్షించలేదు. రెండేళ్ల తర్వాత అబ్షాలోము అమ్నోనును చంపించాడు. మన మౌనం కూడా ఇల్లు కూలుస్తుంది.

ప్రార్థన: తండ్రీ, నా భార్య మాట, నా భర్త మాట వినే చెవి నాకివ్వు. నా ప్రేమలో ఉన్న పిచ్చిని తీసివేయి. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

మీ రూములో ఉన్న తమ్ముళ్లకు ఈ సందేశం పంపండి.