సూర్యగ్రహణము: ఎడపల్లి వారు చూడవలసిన తీరు

ఎడపల్లి, బోధన్ ప్రాంతములలో గ్రహణమనగనే పళ్ళెమున రోకలి నిలుపుట, వంటపాత్రలపై దర్భ వేయుట, గర్భిణీ స్త్రీలను గదిలో నుంచుట పరిపాటి. అడుగు సమముగా నున్న రోకలి ఏ దినముననైనను నిలుచును, పరీక్షించి చూడవచ్చును. ఆచారములతో మాకు తగవు లేదు. పెద్దలు తలుపులు మూసికొనియుండగా పిల్లలు దొడ్డిలోనికి పోయి సూర్యుని చూతురే, అదియే మా ఆందోళన.

అమావాస్యనాడు చంద్రుడు భూమికిని సూర్యునికిని నడుమ సరిగా అడ్డుపడినచో సూర్యగ్రహణము కలుగును. చంద్రుని ముదురు నీడ పడు సన్నని బాటలోని వారికే అది సంపూర్ణము. 1868 ఆగస్టు 18న ఆ నీడ గుంటూరు మీదుగా సాగెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ అచ్చటినుండి సూర్యుని అంచున లేచు జ్వాలలను పరిశీలించి, గ్రహణము లేనప్పుడును వానిని చూచు ఉపాయమును మరునాడే కనుగొనెను. 1980 ఫిబ్రవరి 16న ఉస్మానియా విశ్వవిద్యాలయము వారి జాపాల-రంగాపూర్ వేధశాల అట్టి బాటలోనే యుండెను. ఎడపల్లి ఆ బాటకు ఉత్తరముగా నుండుటచే ఇచ్చట నాటి గ్రహణము పాక్షికమే.

ఈ భేదమును సభ్యులు బాగుగా గుర్తింపవలెను. సూర్యుడు పూర్తిగా మరుగైన కొద్ది నిమిషములు మాత్రమే వట్టి కంటితో చూడవచ్చును. పాక్షిక గ్రహణమున అట్టి నిమిష మొక్కటియు లేదు. వెలుగు తగ్గుటచే చూడబుద్ధియగును. మిగిలిన సన్నని అంచు సైతము కంటి వెనుక పొరను కాల్చును. ఆ పొరకు నొప్పి తెలియదు. చూపు మందగించినదని కొన్ని గంటల తరువాతనే తెలియవచ్చును. ఒక్కొక్కప్పుడు పోయిన చూపు తిరిగి రాదు. మసిపట్టిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము, చలువ కళ్ళద్దములు, పళ్ళెములోని పసుపునీళ్ళు, ఇవేవియు రక్ష కావు.

ఖర్చులేని సాధనము జల్లెడ. సూర్యునికి వీపు త్రిప్పి నిలిచి దానిని ఎండలో పట్టినచో, నేలపై అంచు కొరికిన అప్పచ్చుల వంటి బింబములు పడును. వేపచెట్టు నీడలో ఆకుల సందులును ఈ పనియే చేయును. అట్టకు సూదితో రంధ్రము చేసి, మీటరు దూరమున తెల్లకాగితము నుంచిన, సుమారు 9 మిల్లీమీటర్ల బింబము కనబడును. ఆ రంధ్రములోనుండి సూర్యుని చూడరాదు. నేరుగా చూడగోరువారికి ఐఎస్ఓ 12312-2 ప్రమాణపు గ్రహణ కళ్ళద్దములే శరణ్యము. గీత పడినవి పనికిరావు.

2027 ఆగస్టు 2, సోమవారము సాయంకాలమున మన ప్రాంతమున పాక్షిక గ్రహణము కలుగనున్నది. సంపూర్ణము ఈజిప్టు మున్నగు దేశముల వారికి. అది ఇంచుమించు పిల్లలు బడినుండి ఇండ్లకు మరలు వేళ. కనుక పంచాయతీవారు ముందుగనే ప్రధానోపాధ్యాయునితో మాటాడి, గ్రహణము విడుచువరకు పిల్లలను బడి ఆవరణలో జల్లెడలతో నిలుపుట మేలు. ముందునాడు చాటింపు వేయింపవలెను. వానకారు గనుక సూర్యుడు మబ్బులనుండి తొంగిచూచును. పలుచని మబ్బు కంటికి రక్ష కాదను మాటను చాటింపులో విడువరాదు.