మోటారు పరదాలకు కరెంటు ఎక్కడి నుంచి?



మస్జిద్‌ల ఎత్తయిన కిటికీలకు, మదర్సా హాళ్లకు మోటారు పరదాలు ఇప్పిస్తామని కొందరు దాతలు ముందుకు వస్తున్నారు. అల్లాహ్ వారికి మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక! అయితే గుడ్డ, రంగు చూసేముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మోటారుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? మార్గాలు ముఖ్యంగా మూడు.

మొదటిది వైరింగ్. నేరుగా 230 వోల్టులతో తిరిగే మోటార్లున్నాయి. అడాప్టరుతో 12 లేక 24 వోల్టులకు తిరిగేవీ ఉన్నాయి. పెద్ద, బరువైన పరదాలకు ఇదే తగినది. ప్లాస్టరింగ్‌కు ముందే కిటికీల పైదాకా పైపు వేయించాలి. తర్వాత గోడ కొట్టడం ఖర్చుతో కూడిన పని. కరెంటు పోయినా నడవాలంటే ఇన్వర్టర్ లైనుకు కలపాలి.

రెండవది చార్జింగ్ బ్యాటరీ. గోడ కొట్టనక్కరలేదు గనుక పాత భవనాలకు అనుకూలం. కాని అప్పుడప్పుడు చార్జి చేయాలి, కొన్నేళ్లకు బ్యాటరీ మార్చాలి. వేడికి లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. పరదా ఉండేదే ఎండ పడేచోట. పదిహేను అడుగుల ఎత్తుకు ప్రతిసారీ నిచ్చెన ఎక్కేదెవరు? వయసు మళ్లిన మౌజన్ సాహెబా?

మూడవది సోలార్ పలక. ఇది బ్యాటరీని నింపుతుందేగాని, బ్యాటరీ అవసరాన్ని తప్పించదు. నీడ కిటికీలోనూ, రంగు అద్దం వెనుకా చార్జింగ్ తగ్గిపోతుంది.

బిల్లు గురించి బెంగ అక్కరలేదు. 40 వాట్ల మోటారు రోజుకు 2 నిమిషాలు తిరిగితే ఏడాదికి అర యూనిట్ కూడా కాదు. ఎప్పుడూ ఆన్‌లో ఉండే అడాప్టర్ అర వాటు తీసుకుంటే మాత్రం ఏడాదికి 4 యూనిట్లు దాటుతుంది. అసలు భారం బిల్లు కాదు, నిర్వహణ.

సదఖయె జారియా పుణ్యం ఆ వస్తువు ఉపయోగపడినంతకాలం అందుతుంది. కాబట్టి కొత్త కట్టడమైతే వైరింగ్‌కే ఇవ్వండి. పాత భవనంలో, చిన్న నిచ్చెనతో సులువుగా అందే ఎత్తయితే బ్యాటరీ చాలు. ఎండ బాగా పడే మామూలు అద్దమైతే సోలార్ తోడు చేయండి. నేలమీద నిలబడి చేతితో లాగగలిగే కిటికీకి మోటారే వద్దు. అది ఇస్రాఫ్ అవుతుంది. గొలుసు పరదా సరిపోతుంది, పిల్లల మెడకు చిక్కకుండా గొలుసును గోడకు బిగించాలి.

విరాళంతోపాటు మరమ్మతుకు కొంత సొమ్ము, చూసుకునే బాధ్యుడిని కూడా కమిటీతో ముందే ఖరారు చేయించండి. అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక! ఆమీన్.