కళ్లముందున్నా దొరకని అక్షరాలు: సందేహాలు - సమాధానాలు

బీటెక్ విద్యార్థిని, కానూరు: ప్రోగ్రాములో కనిపించే బాణం గుర్తు (->) ఏమిటో గూగుల్‌లో వెతికితే సంబంధం లేనివి వస్తున్నాయి. కోట్స్‌లో పెట్టినా అంతే. ఏం చేయాలి?

గూగుల్ వెతికేది ప్రధానంగా పదాలను. బాణాలు, బ్రాకెట్లు, చుక్కలను చాలావరకు వదిలేస్తుంది. కోట్స్ పదాల వరుసను నిలబెడతాయి గానీ గుర్తులను కాపాడవు. 'సి++', 'సి#' లాంటి పేరుపడ్డ మాటలను మాత్రం గుర్తుపడుతుంది. అందుకే గుర్తుకు బదులు దాని పేరు కొట్టండి: 'యారో ఆపరేటర్', '&&' అయితే 'లాజికల్ యాండ్'. పేరు తెలియకపోతే ఆపరేటర్ల పట్టిక తెరిచి చూడండి. గిట్‌హబ్ కోడ్ సెర్చ్ గుర్తులను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. బాణంలో ఉన్న మైనస్‌తోనూ జాగ్రత్త, తల్లీ. 'బందరు -లడ్డు' అని కొడితే లడ్డు మాట ఉన్న పేజీలు పక్కకు పోతాయి.

రైతు, అవనిగడ్డ: మా సర్వే నంబరులో గీత, అక్షరం ఉన్నాయి. ఊరి పేరుతో కలిపి వెతికినా పొలం వివరాలు రావడం లేదు.

తప్పు గీతది కాదండీ. ఆ రికార్డులు ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమి డేటాబేసులో ఉంటాయి. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని నంబరు ఇస్తేనే బయటికొస్తాయి. గూగుల్ ఆ ఫారం నింపదు. నేరుగా మీభూమిలోనే చూడండి.

తెలుగు ఉపాధ్యాయుడు, మచిలీపట్నం: నేను టైపు చేసిన పాత వ్యాసాల ఫైలులో 'చెరువు' అని వెతికితే కొన్ని చోట్లే చూపిస్తోంది. ఎదురుగా కనిపిస్తున్న మాటను కూడా లేదంటోంది. ఎందుకు?

కంప్యూటరు అక్షరం ఆకారాన్ని చూడదు, దాని నంబరును చూస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాల్లో 'ర', 'ఱ' పక్కపక్కనే ఉన్నా వాటి నంబర్లు వేరు. 'చెరువు', 'చెఱువు' మనకు ఒకటే, సాదా ఎడిటరుకు రెండు మాటలు. అరసున్నకూ సొంత నంబరుంది కనుక 'వాడు' అని వెతికితే 'వాఁడు' తగలదు.

ఇంకొకటి కంటికే కనిపించదు. 'ఆటోనగర్‌లో' అని రాసినప్పుడు 'ర్' తరువాతి లకారంతో కలిసి 'ఆటోనగర్లో' కాకుండా ఆపే గుర్తు అది. పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు లేదు, అయినా అదీ ఒక అక్షరం కిందే లెక్క. ఒకచోట అది ఉండి మరోచోట లేకపోతే రెండు మాటలూ కలవవు. ఐత్వంతోనూ ఇదే చిక్కు రావచ్చు. దాన్ని ఒకే సంకేతంగానూ, రెండు ముక్కలుగానూ రాసే వీలుంది, తెరమీద తేడా తెలియదు.

నోట్‌ప్యాడ్++ వెతుకు పెట్టెలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎంచుకోండి. 'చె[రఱ]' అని ఇస్తే రెండు రూపాలూ దొరుకుతాయి. 'వాఁ?డు' అంటే అరసున్న ఉన్నా సరే, లేకపోయినా సరే అని అర్థం. పాత తెలుగుతో పనిచేసేవారు తప్పక నేర్చుకోవలసిన విద్య ఇది.

ఒక పాఠకురాలు, గవర్నర్‌పేట, విజయవాడ: మా తాతగారి పద్యకావ్యాన్ని అను ఫాంట్లలో డీటీపీ చేయించి పీడీఎఫ్‌గా నెట్‌లో పెట్టాం. ఒక్క మాటా వెతికితే దొరకదు. యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు అరసున్నలు, బండి ఱలు తీసేయమని కొందరు అంటున్నారు. తీసేయమంటారా?

వద్దమ్మా. మీ పీడీఎఫ్ దొరకకపోవడానికి కారణం అరసున్న కాదు. అను ఫాంట్లలో తెరమీద కనబడేది తెలుగే అయినా లోపల ఉన్నవి రోమన్ అక్షరాలకు, గుర్తులకు చెందిన సంకేతాలు. ఫాంటు వాటికి తెలుగు బొమ్మ తొడుగుతుంది, అంతే. యూనికోడ్‌లోకి మార్చాక మాటలు వెతకడానికి అందుతాయి. ఇక ఆ అక్షరాలు తీసేస్తే కావ్యమే చెడుతుంది: 'ఏడు' సంఖ్య, 'ఏఁడు' సంవత్సరం. పూర్వ లాక్షణికుల్లో చాలామంది రకారానికీ ఱకారానికీ ప్రాస ఒప్పుకోలేదు. తాతగారు తెలిసి రాసిన అక్షరాన్ని వెతికేవారి సౌకర్యం కోసం మార్చే హక్కు మనకు లేదు.

పాఠం అలాగే ఉంచి, పుస్తకం పేరు, కవి పేరు, ఊరి పేరు నేటి వర్ణక్రమంలోనూ రోమన్‌లోనూ వివరాల దగ్గర రాయండి. ఆర్కైవ్.ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు ఎన్నో రోమన్ పేర్లతోనే ఉన్నాయి. విశ్వనాథ వారి 'వేయిపడగలు' కోసం వెతికినా తెలుగులో కలిపి, విడదీసి, రోమన్‌లోనూ కొట్టి చూడాలి. మార్పిడిలో ఒత్తులు, అరసున్నలు జారిపోతుంటాయి కనుక అచ్చుప్రతి పక్కన పెట్టుకుని ప్రూఫు దిద్దాకే కొత్త ప్రతి పెట్టండి. పాత పీడీఎఫ్ మాత్రం తీసేయకండి, పుట సంఖ్యలకు అదే ఆధారం.