షర్మిల ఉపవాసం

శనివారం ఒక్కపొద్దు. శివరాత్రికి ఉపవాసం. మన ఆడవాళ్ళకు ఇవి కొత్త కాదు. భర్త కోసం, పిల్లల కోసం కడుపు మాడ్చుకుంటారు. ఒకామె మాత్రం పరాయివాళ్ళ కోసం పదహారేళ్ళు అన్నం ముట్టలేదు. ఆమె పేరు ఇరోమ్ షర్మిల.

ఆమెది మణిపూర్. బర్మా సరిహద్దులో ఉన్న చిన్న రాష్ట్రం. తొమ్మిదిమంది పిల్లల్లో షర్మిల ఆఖరిది. ఆమె పుట్టేసరికి తల్లికి పాలు లేవు. అన్న ఆ పసిగుడ్డును ఎత్తుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఇరుగుపొరుగు బాలింతలు పాలిచ్చి బతికించారు.

మణిపూర్‌లో తిరుగుబాటు దళాలు ఉన్నాయి. వాళ్ళను అణచడానికని సైన్యానికి ప్రత్యేక అధికారాలు ఇచ్చారు. ఆ చట్టం 1958లో వచ్చింది. దాని ప్రకారం, ఆంక్షలు మీరినవాళ్ళను హెచ్చరించి కాల్చవచ్చు. ప్రాణం పోయినా సరే. వారంటు లేకుండా ఇల్లు సోదా చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంటేనే జవానుల మీద కేసు నడుస్తుంది. మరి తప్పు చేయనివాళ్ళు చనిపోతే ఎవరిని అడగాలి?

2000 నవంబరు 2, గురువారం. ఇంఫాల్ దగ్గర మాలోమ్ ఊళ్ళో జనం బస్సు కోసం నిలబడ్డారు. అస్సాం రైఫిల్స్ జవానులు కాల్పులు జరిపారు. పదిమంది చనిపోయారు. వాళ్ళలో 62 ఏళ్ళ ముసలమ్మ కూడా ఉంది.

షర్మిలకు అప్పుడు 28 ఏళ్ళు. చిన్నప్పటి నుంచీ గురువారం ఉపవాసం ఉండటం ఆమెకు అలవాటు. ఆ రోజు కూడా ఉపవాసమే. తల్లి దీవెన తీసుకుంది. ఆ చట్టం తీసేసేదాకా తిననంది.

పోలీసులు ఆమెను పట్టుకెళ్ళారు. ఆత్మహత్యకు ప్రయత్నించిందని కేసు పెట్టారు. చావాలని కాదు, జనం బతకాలనే ఈ పని అని ఆమె చెప్పింది. ఎవరు వింటారు? ఆసుపత్రిలో ఉంచి, ముక్కులోంచి గొట్టం వేసి ద్రవాహారం ఎక్కించారు. ఆ నేరానికి అప్పట్లో శిక్ష ఏడాదికి మించేది కాదు. అందుకని ఏటా విడిచిపెట్టడం, ఆమె మళ్ళీ తిననంటే మళ్ళీ పట్టుకోవడం. నీళ్ళు నోట్లోకి పోకూడదని పళ్ళు కూడా పొడి దూదితోనే తుడుచుకునేది.

తల్లి చాలా ఏళ్ళు చూడటానికి వెళ్ళలేదు. కోపమా? కాదు. తన కన్నీళ్ళు చూస్తే బిడ్డ పట్టు సడలుతుందని భయం.

షర్మిల ఒక్కతే ఉండకూడదని 2008లో అక్కడి ఆడవాళ్ళు కూడా దీక్షకు కూర్చున్నారు. వంతులవారీగా, రోజూ కొందరు. పొలం పని, బజారు పని ఉన్నవాళ్ళే.

2016 ఆగస్టు 9న షర్మిల అరచేతిలో తేనె వేసుకుని నాలుకకు రాసుకుంది. ఓట్లలో నిలబడి చట్టం మార్పిస్తానంది. దీక్ష మానినందుకు కొందరు కోప్పడ్డారు. ఆ రాత్రి తల దాచుకోవడానికి చోటు దొరక్క ఆసుపత్రికే తిరిగి వెళ్ళింది. పదహారేళ్ళు ఆకలితో ఉన్న మనిషికి! 2017 ఎన్నికల్లో ఆమెకు వచ్చిన ఓట్లు 90.

2022లో మణిపూర్‌లోని కొన్ని పోలీసు ఠాణాల పరిధిలో ఆ చట్టాన్ని ఎత్తేశారు. తర్వాత కొన్నిచోట్ల మళ్ళీ పెట్టారు.

మాట్లాడుకోండి:
షర్మిల దీక్ష మానడం తప్పా? ఎందుకు?
మీ ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిసి ఒకరికి తోడు నిలబడిన సంగతి చెప్పండి.