సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ కొంటున్నారా? హైటెక్ సిటీ ట్రాఫిక్‌కి, వీకెండ్ మట్టి రోడ్లకి ఈ చెక్‌లిస్ట్ చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి

రెండేళ్ల పాత ఫ్లాగ్‌షిప్ ఫోన్‌ను మిడ్ రేంజ్ ధరకు కొనడం మనకు కొత్త కాదు. ఇప్పుడు అదే లెక్కతో చాలామంది ఐటీ ఉద్యోగులు కార్ల వైపు చూస్తున్నారు. కొత్త మిడ్ సైజ్ ఎస్‌యూవీ పెట్టే డబ్బుకే ఐదారేళ్ల పాత బీఎండబ్ల్యూ ఎక్స్1, ఆడి క్యూ3, వోల్వో ఎక్స్‌సీ40 లేదా టయోటా ఫార్చ్యూనర్ వస్తుంటే మనసు లాగడం సహజమే. వారం అంతా గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుకి, శనివారం వికారాబాద్ వైపు మట్టి రోడ్డుకి ఒకే బండి అంటే ఇంకేం కావాలి?

అయితే పాత ఫోన్‌కి, పాత లగ్జరీ కారుకి ఒక పెద్ద తేడా ఉంది. ఫోన్‌లో ఎక్కువసార్లు తేడా వచ్చేది బ్యాటరీ, స్క్రీన్ దగ్గరే. కారులో ఒక్క పార్ట్ పోయినా ఆరు నెలల ఈఎంఐ అంత బిల్లు రావచ్చు. అందుకే ఏ కారు బాగుందో చూసే ముందు, మీ రోజువారీ ప్రయాణానికి ఏ కారు సరిపోతుందో తేల్చుకోవాలి. ఈ గైడ్‌లో అదే స్టెప్ బై స్టెప్ చూద్దాం.

1. ధర సగం అవుతుంది, పార్ట్స్ ధర సగం కాదు

అరవై లక్షల కారు ఆరేళ్లకు ఇరవై లక్షలకు వచ్చినా, దాని సస్పెన్షన్ ఆర్మ్, గేర్‌బాక్స్ మెకట్రానిక్స్, హెడ్‌ల్యాంప్ యూనిట్ మాత్రం ఇంకా అరవై లక్షల కారు పార్ట్స్‌గానే అమ్ముడవుతాయి. మీ బడ్జెట్ 20 లక్షలైతే 17 లక్షల కారే చూడండి. మిగిలిన 3 లక్షలు మొదటి ఏడాది రిపేర్లకు పక్కన పెట్టండి. అలా పక్కన పెట్టలేకపోతే ఆ కారు మీ బడ్జెట్‌లో లేనట్టే.

బేరం చేసేటప్పుడు ఇంకో పాయింట్ గుర్తుపెట్టుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్ కలిపి 50 శాతం వరకు ఉన్న పన్ను 40 శాతానికి తగ్గింది. అమ్మే వ్యక్తి "నేను ఆన్‌రోడ్ ఇంతకి కొన్నాను" అని పాత ధర చెబితే, అదే మోడల్ కొత్తది ఇప్పుడు ఎంతకు వస్తోందో చూసి, అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టండి.

2. డీజిలా, పెట్రోలా? మీ రూటే చెబుతుంది

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లన్నిటిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అంతకుముందు వచ్చిన లగ్జరీ డీజిళ్లలోనూ చాలావాటికి ఉంది. పొగలోని మసిని ఇది పట్టి ఉంచుతుంది. నిండాక ఆ మసిని కాల్చేసి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. ఇది సరిగ్గా జరగాలంటే ఎగ్జాస్ట్ బాగా వేడెక్కాలి, కారు పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా ఒక మోస్తరు స్పీడులో వెళ్లాలి.

సాయంత్రం ఆరున్నరకు బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర అది సాధ్యమేనా? కొండాపూర్‌లో ఉంటూ రాయదుర్గం ఆఫీసుకి రోజూ ఐదారు కిలోమీటర్లు పాకుతూ వెళ్లే కారులో రీజనరేషన్ మొదలవుతుంది, మధ్యలోనే ఆగిపోతుంది. ఇలా పదే పదే జరిగితే ఫిల్టర్ మూసుకుపోతుంది, ఇంజిన్ ఆయిల్‌లో డీజిల్ కలుస్తుంది, చివరికి కారు లింప్ మోడ్‌లోకి వెళ్తుంది. అదే శంషాబాద్ వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద గచ్చిబౌలికి వచ్చేవాళ్లకు ఈ ఇబ్బంది దాదాపు ఉండదు. రోజూ దొరికే ఆ హైవే రన్ డీజిల్‌కి మందు లాంటిది.

ఒక చిన్న లెక్క చూద్దాం. మియాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి రానుపోను 30 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు అనుకుంటే 660 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో డీజిల్ ఎస్‌యూవీ లీటరుకు 9, పెట్రోల్ 8 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. లీటరు డీజిల్ 96 రూపాయలు, పెట్రోల్ 107 రూపాయలు వేసుకుంటే డీజిల్‌కి నెలకు సుమారు 7,040, పెట్రోల్‌కి 8,830 అవుతుంది. తేడా నెలకు 1,800 లోపే, ఏడాదికి ఇరవై ఒక్క వేల చిల్లర. లగ్జరీ బ్రాండ్‌లో ఒక్క డీపీఎఫ్ మార్చాల్సి వస్తే ఎన్నో ఏళ్ల ఆదా ఒక్క బిల్లులో పోతుంది. కాబట్టి చిన్న దూరం, ఎక్కువ ట్రాఫిక్ అయితే పెట్రోల్. రోజూ ఓఆర్ఆర్ అయితే డీజిల్.

పెట్రోల్ తీసుకునేవాళ్లకూ ఒక జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. 2023కి ముందు తయారైన చాలా కార్లు దీనికి సర్టిఫై కాలేదు. ఫ్యూయల్ మూత మీద ఉన్న లేబుల్, ఓనర్స్ మాన్యువల్ రెండూ చూడండి.

3. మట్టి రోడ్డుకి నిజంగా ఏం కావాలి?

ముందు లైట్ ఆఫ్‌రోడింగ్ అంటే ఏంటో తేల్చుకుందాం. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌కి వెళ్లే మట్టి దారి, కోట్‌పల్లి రిజర్వాయర్ వైపు గుంతల రోడ్డు, వానాకాలంలో తాండూరు వైపు జారే నల్లరేగడి. అనంతగిరి అడవి మాత్రం మన ట్రాక్ కాదు. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అనుమతి లేకుండా బండి దింపితే కేసు అవుతుంది.

ఈ దారులకు పనికొచ్చేవి ఇవి:

గ్రౌండ్ క్లియరెన్స్: బీఎండబ్ల్యూ ఎక్స్1 పాత ఎఫ్48 మోడల్‌కి 183 మిల్లీమీటర్లు, వోల్వో ఎక్స్‌సీ40కి 211, ఫోర్డ్ ఎండీవర్‌కి 225. ట్రాక్టర్లు తిరిగిన దారిలో మధ్యలో మట్టి గట్టులా లేచి ఉంటుంది. 200 దాటిన కారుకి అక్కడ భయం తక్కువ.

డ్రైవ్ టైప్: ఎక్స్1, క్యూ3, ఎక్స్‌సీ40 లాంటి వాటిలో ఏడబ్ల్యూడీ ఉన్నా మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి. అవి జారినప్పుడు ఒక క్లచ్ ద్వారా వెనక చక్రాలకు పవర్ వెళ్తుంది. తడి మట్టికి ఇది చాలు. ఫార్చ్యూనర్ 4x4, ఎండీవర్ 4x4లో లో-రేంజ్ గేర్ కూడా ఉంటుంది. నిటారు ఎత్తులకు, లోతైన బురదకు అది కావాలి.

టైర్లు: చాలా బీఎండబ్ల్యూల్లో రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటాయి, స్టెప్నీ ఉండకపోవచ్చు. రాయి తగిలి టైరు పక్క గోడ చిరిగితే రన్‌ఫ్లాట్ కూడా కాపాడలేదు. ఏడబ్ల్యూడీ కారులో నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. రెండు కొత్తవి, రెండు పాతవి వేసి ఉంటే డ్రైవ్‌ట్రెయిన్ మీద అనవసరంగా భారం పడుతుంది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: బయటికి ఒకేలా కనిపించినా అన్ని వేరియంట్లలో ఏడబ్ల్యూడీ ఉండదు. ఎక్స్1లో "ఎక్స్‌డ్రైవ్" అని ఉంటేనే నాలుగు చక్రాలు, "ఎస్‌డ్రైవ్" అంటే ముందు చక్రాలే. 2020 ఫేస్‌లిఫ్ట్ ఎక్స్1 మన దగ్గర ఎస్‌డ్రైవ్‌గానే వచ్చింది. ఎక్స్‌సీ40లో డీ4 డీజిల్‌కి ఏడబ్ల్యూడీ ఉంది, తర్వాత వచ్చిన టీ4 పెట్రోల్‌కి లేదు. ఫార్చ్యూనర్ కూడా 4x2 బోలెడన్ని ఉన్నాయి.

ఇంకో సంగతి. ఎండీవర్ పొడవు 4.9 మీటర్లు. ఆఫీసు సెల్లార్‌లో, ర్యాంప్ మలుపుల్లో రోజూ దాన్ని తిప్పాలి. నెలకు రెండు శనివారాల కోసం మిగతా 22 రోజులు కష్టపడాలా అని ఆలోచించండి.

4. ఫోన్, ఓబీడీ డాంగిల్‌తో అరగంట చెకప్

మన రీడర్స్‌కి బాగా నచ్చే పార్ట్ ఇదే. ఒక బ్లూటూత్ ఓబీడీ-2 డాంగిల్, ఫోన్‌లో ఒక స్కానర్ యాప్ ఉంటే చాలు. స్టీరింగ్ కింద ఉన్న పోర్ట్‌లో పెట్టి ఇవి చూడండి.

- ఫాల్ట్ కోడ్‌లు: పీ2002 వస్తే డీపీఎఫ్ సరిగ్గా పనిచేయడం లేదని, పీ0401 అంటే ఈజీఆర్ ఫ్లో తక్కువని, పీ0420 అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ బలహీనపడిందని అర్థం.
- కోడ్‌లు క్లియర్ చేశాక తిరిగిన దూరం: చాలా కార్లలో ఇది కనిపిస్తుంది. అది 12 కిలోమీటర్లు అని చూపిస్తే మీరు రావడానికి కాస్త ముందే ఎవరో వార్నింగ్ లైట్ ఆర్పేశారన్నమాట. రెడీనెస్ మానిటర్లు "ఇన్‌కంప్లీట్" అని వచ్చినా అదే అనుమానం.
- బ్యాటరీ వోల్టేజ్: ఇంజిన్ ఆఫ్‌లో 12.4 నుంచి 12.7 మధ్య ఉండాలి. బాగా తగ్గితే ఎలక్ట్రానిక్స్ పిచ్చి పిచ్చి వార్నింగ్‌లు ఇస్తాయి.
- కూలెంట్ టెంపరేచర్: ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఒక దగ్గర నిలబడాలి, పైకి ఎగబాకకూడదు.

మామూలు యాప్ ఇంజిన్ వరకే చూపిస్తుంది. గేర్‌బాక్స్, ఎయిర్‌బ్యాగ్, ఏడబ్ల్యూడీ మాడ్యూళ్లకు ఆ బ్రాండ్‌కి సరిపోయే యాప్ కావాలి. ఉదాహరణకు బీఎండబ్ల్యూకి బిమ్మర్‌లింక్ ఉంది. కొన్ని కార్లలో కిలోమీటర్ల లెక్క మీటర్‌లోనే కాక వేరే మాడ్యూళ్లలోనూ ఉంటుంది. రెండూ కలవకపోతే మీటర్ వెనక్కి తిప్పినట్టే.

అమ్మే వ్యక్తికి ఒక మాట ముందే చెప్పండి: "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి". ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వచ్చే చప్పుడు, పొగ, మొదటి గేర్ జెర్క్ వేడెక్కాక దాక్కుంటాయి. టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు కూడా చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని.

5. నీళ్లలో మునిగిన కారేమో చూడండి

2020 అక్టోబర్ వరదల్లో హైదరాబాద్‌లో సెల్లార్లలో ఉన్న కార్లు పెద్ద సంఖ్యలో మునిగాయి. ఆ తర్వాత కూడా వానాకాలంలో సెల్లార్లు నిండటం మామూలైపోయింది. లగ్జరీ కార్లలో చాలా కంట్రోల్ మాడ్యూళ్లు సీట్ల కింద, కార్పెట్ కింద, డిక్కీ అడుగున ఉంటాయి. తడిసిన మాడ్యూల్ వెంటనే పోదు, కొన్ని నెలలు పనిచేసి తర్వాత మొరాయిస్తుంది.

సీట్ బెల్ట్‌ను చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంతలో మట్టి, ఏసీ వేయగానే ముక్క వాసన ఉన్నాయేమో గమనించండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ, సర్వీస్ సెంటర్ రికార్డు రెండూ అడిగి తీసుకోండి. ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి.

6. కాగితాలు: ఇక్కడ తేడా వస్తే కారే పోతుంది

ఢిల్లీ కార్లు ఎందుకు చవక? 2018లో సుప్రీంకోర్టు ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లపై నిషేధాన్ని ఖాయం చేసింది. ఆ తర్వాత రూల్స్‌లో మార్పులు వచ్చినా, ఆ భయంతో అక్కడ రీసేల్ పడిపోయింది. కానీ అక్కడి నుంచి తెస్తే ఎన్ఓసీ తీసుకోవాలి, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఇక్కడి నంబర్ వేయించుకోవాలి. ఇవన్నీ కలిపి చూస్తే చాలాసార్లు టీఎస్, టీజీ నంబర్ కారుతో తేడా పెద్దగా మిగలదు.

దిగుమతి కారైతే మరింత జాగ్రత్త. 2025 మేలో కస్టమ్స్ సుంకం ఎగవేత కేసులో హైదరాబాద్‌కి చెందిన ఒక లగ్జరీ కార్ల డీలర్‌ను డీఆర్ఐ అరెస్టు చేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో కేరళలో భూటాన్ నుంచి అక్రమంగా వచ్చాయన్న అనుమానంతో కస్టమ్స్ అధికారులు "ఆపరేషన్ నుమ్ఖోర్" పేరుతో చాలా ఎస్‌యూవీలను స్వాధీనం చేసుకున్నారు. ఇలాంటి కారు కొన్నవాళ్లకు ఆర్‌సీ చేతిలో ఉన్నా కారు మాత్రం చేతిలో ఉండదు. పూర్తిగా దిగుమతైన మోడల్ అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ తప్పనిసరిగా అడగండి.

మిగతా లిస్ట్: ఎంపరివాహన్‌లో ఓనర్ నంబర్, ఫైనాన్స్ వివరాలు, ఇన్సూరెన్స్ చూడండి. లోన్ ఉంటే బ్యాంక్ ఎన్ఓసీతో పాటు ఫారం 35 కావాలి. ఓనర్‌షిప్ మార్పుకి ఫారం 29, 30. పెండింగ్ ఈ-చలాన్లు అమ్మే వ్యక్తే కట్టాలని ముందే మాట్లాడుకోండి. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లోపు మీ పేరుకు మార్పించండి. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ తీసుకోండి. అది లేకపోతే నీళ్లు లోపలికి వెళ్లి ఇంజిన్ పోయినప్పుడు క్లెయిమ్ దొరకడం కష్టం. అలాంటప్పుడు మళ్లీ స్టార్ట్ చేయకుండా టో చేయించడమే మేలు.

7. కొన్న రోజే చేయాల్సిన డిజిటల్ పని

పాత ఫోన్ కొంటే గూగుల్ అకౌంట్ తీసేశారో లేదో చూస్తాం కదా? కారుకి కూడా అంతే. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, వోల్వో యాప్‌లలో పాత ఓనర్ అకౌంట్ అలాగే ఉంటే మీ కారు ఎక్కడుందో ఆయన ఫోన్‌లో కనిపించవచ్చు, కొన్ని మోడళ్లలో లాక్ కూడా తీయవచ్చు. ఆయన ముందే అకౌంట్ తీయించి, ఇన్ఫోటైన్‌మెంట్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. రెండు తాళాలూ తీసుకోండి, పాత ఫాస్టాగ్ క్లోజ్ చేయించండి.

ఫైనల్‌గా ఎవరికి ఏది?

- ఆఫీసు పది కిలోమీటర్ల లోపు, ఎప్పుడో ఒకసారి మట్టి రోడ్డు: పెట్రోల్ ఎక్స్‌సీ40 టీ4 లాంటిది. ఏడబ్ల్యూడీ లేకపోయినా ఎండిన మట్టికి దాని క్లియరెన్స్ చాలు.
- రోజూ ఓఆర్ఆర్, వానాకాలంలో కూడా ఊరి దారులు: డీజిల్ ఏడబ్ల్యూడీ, అంటే ఎక్స్1 ఎక్స్‌డ్రైవ్, ఎక్స్‌సీ40 డీ4.
- సొంత పొలం, బురద, ఎత్తుపల్లాలు తప్పనివాళ్లు: ఫార్చ్యూనర్ 4x4. ఎండీవర్ కూడా గట్టి బండే, కానీ 2021లో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కాబట్టి పార్ట్స్ దొరికే సంగతి ముందే కనుక్కోండి.
- మొదటి ఏడాది రిపేర్లకు డబ్బు పక్కన పెట్టలేనివాళ్లు: ఈసారికి కొత్త మిడ్ సైజ్ ఎస్‌యూవీనే బెటర్. అందులో వారంటీ ఉంటుంది, మీకు నిద్ర కూడా పడుతుంది.