మూడు కాలమ్‌ల పాట ఆపి, నిన్నటి కబురు అడగండి

మీ ఏడేళ్ళ అమ్మాయి ‘ఐ గోఎడ్ టు కైకలూరు’ అంది. మీరు చేయాల్సిన మొదటి పని నవ్వకుండా ఉండటం. రెండోది, చుట్టాలొచ్చినప్పుడు ‘ఏదీ, ఆ మాట మళ్ళీ అనమ్మా’ అని ఆడించకుండా ఉండటం. ఆ పిల్ల నోరు జారలేదు, లెక్క వేసింది. ప్లే ప్లేడ్ అయింది, కాల్ కాల్డ్ అయింది, కాబట్టి గో అంటే గోఎడ్ కావాలి. ఇంట్లో గానీ బళ్ళో గానీ ఆ మాట ఎవరి నోటా తను వినలేదు. వినని మాటను సొంతంగా పుట్టించిందంటే సూత్రం వంటబట్టిందన్నమాట. ‘వెంట్’ ఇంకా నోట పడలేదు, అంతే.

1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు ఈ సంగతిని సరదాగా తేల్చింది. ఇంగ్లీషులో లేనే లేని క్రియల్ని కల్పించి, బొమ్మలు చూపించి చిన్నపిల్లల్ని అడిగింది. ఈ మనిషికి ‘గ్లింగ్’ చేయడం వచ్చు, నిన్న కూడా అదే చేశాడు, మరి నిన్న ఏం చేశాడు? ఎక్కువమంది పిల్లలు ‘గ్లింగ్డ్’ అన్నారు. పెద్దవాళ్ళలో కొందరికి సింగ్-స్యాంగ్, రింగ్-ర్యాంగ్ గుర్తొచ్చి ‘గ్ల్యాంగ్’ అన్నారు. ఉగ్గుపాలతో ఇంగ్లీషు నేర్చిన పిల్లల సంగతే ఇది. ఇక మన పిల్లలు ‘గోఎడ్’ అంటే నామోషీ ఎందుకు?

మరి మనం చేస్తున్నదేమిటి? సాయంత్రం పూట ఏలూరు పవర్‌పేటలోనో తాడేపల్లిగూడెంలోనో ఏ ట్యూషన్ మెట్ల దగ్గరైనా కాసేపు నిలబడండి. వి-వన్, వి-టూ, వి-త్రీ. గో-వెంట్-గాన్, కమ్-కేమ్-కమ్. లయ బాగుంటుంది, పిల్లలకీ హుషారే. నాకు ఆ పాట మీద కోపం లేదు. చిక్కంతా పట్టిక వరసలో ఉంది. చాలా పుస్తకాల్లో అది అక్షరక్రమంలో ఉంటుంది కనుక మొదట్లోనే అబైడ్-అబోడ్, అరైజ్-అరోజ్ ఎదురవుతాయి. ఆకివీడులో అయినా లండన్‌లో అయినా పదేళ్ళ పిల్లాడికి అబోడ్‌తో పనేమిటి? పైగా ఆ పాటలో మనిషి లేడు, పని లేదు, నిన్న అనే రోజు లేదు. మధ్యలో ఆపి ‘బ్రాట్ అంటే ఏంట్రా?’ అని అడిగి చూడండి. బ్రింగ్ దగ్గర్నుంచి మళ్ళీ అందుకుంటే గానీ చెప్పలేడు.

ముందు ఏవి నేర్పాలో భాషే చెబుతుంది. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా నోళ్ళలో నానే క్రియలు బి, హావ్, డు, సే, గో, గెట్, మేక్, నో, థింక్, టేక్, సీ, కమ్. అన్నీ సూత్రానికి లొంగని మొండి క్రియలే. దీనికో కారణం ఉంది. 2007లో హార్వర్డ్ పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ఒక లెక్క ప్రచురించారు. పాత ఇంగ్లీషులో ఉన్న 177 మొండి క్రియల్ని తీసుకుని కాలం వెంట నడిచి చూస్తే, ఈ రోజుకి 98 మాత్రమే మొండిగా మిగిలాయి. మిగతావి -ఎడ్ దారికి వచ్చేశాయి. ఒకప్పుడు హెల్ప్‌కి భూతకాలం ‘హోల్ప్’ మరి! వాడుక తగ్గినవి త్వరగా దారికొచ్చాయి. రోజూ వాడేవి వందల ఏళ్ళయినా వంగలేదు. ఆ క్రియల్ని జనంలో నిలబెట్టింది వాడుకే. మీ పిల్లాడి బుర్రలో నిలబెట్టేదీ అదే. కాబట్టి రెండొందల క్రియల చార్టు గోడకే ఉండనివ్వండి. ఈ పన్నెండింటితో మొదలెట్టి, ఇంట్లో రోజూ అవసరమయ్యే ఈట్, డ్రింక్, గివ్, బై, స్లీప్, కట్, పుట్ లాంటివి కలుపుకుంటూ పోండి.

సూత్రానికి లొంగే క్రియలు తేలికే అనుకుంటాం గానీ, అక్కడ నోరు తిరగని ఇబ్బంది ఒకటుంది. మన పిల్లలు అక్షరాలు చూసి ‘వాకెడ్’, ‘లుకెడ్’ అని చదువుతారు. దీనికి మందు ఇంగ్లీషు పుస్తకంలో వెతకక్కర్లేదు, తెలుగు వాచకంలోనే ఉంది. పరుషాలు, సరళాలు మన పిల్లలు చదివేవే. క, చ, ప లాంటి పరుషాల తర్వాత ఆ -ఎడ్ కూడా పరుషమై ‘ట్’ అని పలుకుతుంది: లుక్ట్, వాచ్ట్, హెల్ప్ట్. స, ష, ఫ శబ్దాలూ ఈ జట్టే: పాస్ట్, వాష్ట్, లాఫ్ట్. గ, జ, బ లాంటి సరళాల తర్వాత అది సరళంగానే ‘డ్’ అవుతుంది: బెగ్డ్, ఛేంజ్డ్, రబ్డ్. న, ల, మ, అచ్చులు కూడా అంతే: క్లీన్డ్, కాల్డ్, ప్లేడ్. క్రియ చివర ట్, డ్ ఉంటే మాత్రమే ‘ఇడ్’ అని విడిగా వినిపిస్తుంది: వాంటిడ్, నీడిడ్. గసడదవాదేశ సంధి నేర్చుకునే పిల్లలకి ఇది పిల్లలాటే. తెలుగు మాస్టారూ ఇంగ్లీషు మేడమూ ఒక్కరోజు కలిసి కూచుంటే అరగంటలో తేలిపోయే పాఠం, ఏళ్ళ తరబడి ఇద్దరి మధ్యా జారిపోతోంది.

ఇంకో చోట కూడా తెలుగే గట్టెక్కిస్తుంది. మన దగ్గర పెద్దవాళ్ళు సైతం చేసే తప్పు ‘ఐ డిడ్ నాట్ వెంట్’. దీన్ని సరిదిద్దడానికి ‘డిడ్ తర్వాత వి-వన్’ అని వందసార్లు రాయిస్తాం. దానికి బదులు తెలుగులో అడగండి. ‘వచ్చాడు’కి వ్యతిరేకం ఏమిటి? ‘రాలేదు’. ‘వచ్చాడులేదు’ అని ఎవరైనా అంటారా? పిల్లలు పకపకా నవ్వుతారు. కాలం భారమంతా ‘లేదు’ మోసేసింది, అసలు క్రియ తేలిగ్గా ‘రా’ అయిపోయింది. ఇంగ్లీషులో ఆ భారం మోసేది డిడ్. వచ్చాడు, రాలేదు, కేమ్, డిడ్ నాట్ కమ్. తిన్నాడు, తినలేదు, ఏట్, డిడ్ నాట్ ఈట్. రెండు భాషల్నీ పక్కపక్కన పెట్టి పదిసార్లు అనిపిస్తే చాలు. అయితే ప్రశ్న దగ్గర తెలుగు చెయ్యందిస్తుందనుకోకండి. ‘వచ్చావా?’లో ‘వచ్చావు’ అలాగే ఉంటుంది కాబట్టి పిల్లలు ‘డిడ్ యు కేమ్?’ అనే తీరతారు. అక్కడ ఓపిక పట్టాలి.

మొండి క్రియలు ఇంగ్లీషు సొత్తేమీ కాదని పిల్లలకి చెప్పి తీరాలి. వచ్చాడు, రాలేదు, రా! ఒకే క్రియకి ఇన్ని వేషాలు. తెచ్చాడు, తేలేదు, తే! మచిలీపట్నంలో పనిచేసిన మిషనరీ ఆర్డెన్ 1873లో ఇంగ్లీషువాళ్ళ కోసం తెలుగు వ్యాకరణం రాసి, బోలెడన్ని ఉదాహరణలూ అభ్యాసాలూ గుప్పించాడు. దొరలు చెమటోడ్చి నేర్చుకోవాల్సిన ఈ వేషాలు మీ బుడ్డోడికి మూడేళ్ళకే వచ్చేశాయి. ఏ పట్టికా లేకుండా వచ్చేశాయి. ఈ ఒక్క మాట చెప్పి చూడండి, పిల్లాడి వెన్ను నిటారవుతుంది.

ఇక రోజువారీ పని. రాత్రి అన్నాల దగ్గర పది నిమిషాలు నిన్నటి కబురు చెప్పమనండి. ఇంగ్లీషు మీకు రాకపోయినా పరవాలేదు. లంక గ్రామంలో చేపల చెరువు మీద పనిచేసే తండ్రి తెలుగులోనే అడగొచ్చు: ‘నిన్న బాబాయ్ వాళ్ళ చెరువులో పట్టుబడి కదా, ఏం జరిగిందో ఇంగ్లీషులో చెప్పరా.’ పిల్లాడు చెబుతాడు: దే కాట్ ఫిష్. దే పుట్ ఐస్. ద లారీ కేమ్. ఇట్ వెంట్ టు కోల్‌కతా. వి ఏట్ ఫిష్ కర్రీ. ఐదు వాక్యాలు, ఐదూ మొండి క్రియలే. గూడెం ఉల్లిపాయల మార్కెట్టుకి వెళ్ళొచ్చిన రోజు బాట్, సోల్డ్, గేవ్, టుక్ వస్తాయి. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర చూసొస్తే వారానికి సరిపడా భూతకాలం దొరుకుతుంది. ఏమీ జరగని రోజు ప్రభుత్వ బడి పుస్తకం తీయండి. ఒక పేజీలో ఇంగ్లీషు, పక్క పేజీలో తెలుగు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకం అది. మీరు తెలుగు వాక్యం చదవండి, పిల్లాడు ఇంగ్లీషులో చెప్పాక రెండూ సరిచూసుకోండి.

మధ్యలో తప్పు వస్తుంది. అప్పుడు కథ ఆపకండి. పిల్లాడు ‘దే క్యాచ్డ్ ఫిష్’ అంటే, ‘ఓహో, దే కాట్ ఫిష్? ఎన్ని బొచ్చెలు, ఎన్ని శీలావతులు?’ అని ముందుకి పొండి. సరైన రూపం చెవిన పడింది, పరువు దక్కింది, కబురు ఆగలేదు. రేపు మళ్ళీ ‘క్యాచ్డ్’ అనొచ్చు, ఎల్లుండీ అనొచ్చు. ఒకసారి దిద్దితే పోయే తప్పు కాదిది. ఆ రూపం వినీ వినీ వాడు వాడాల్సిందే. సరిదిద్దే హక్కు ఇంట్లో ఒక్కరికే ఇవ్వండి. అన్న, అక్క, తాతయ్య, పక్కింటి ఆంటీ తలా ఒక చెయ్యి వేస్తే మూడో రోజుకి పిల్లాడు నోరు కట్టేసుకుంటాడు.

ఇదంతా మార్కుల కోసం కాదు, ఎందుకో చెబుతాను. గూడెంలో ఎన్‌ఐటీ గేటు చూపించి పిల్లల్ని ఊరించే అమ్మానాన్నలు ఒక్కసారి ఉద్యోగపు ఇంటర్వ్యూ ఊహించుకోండి. మీ ప్రాజెక్టులో ఏం చేశారు? సమస్య ఎక్కడొచ్చింది? ఎలా గట్టెక్కారు? అన్నీ జరిగిపోయిన సంగతులే. పట్టిక మొత్తం అప్పజెప్పగల కుర్రాడు అక్కడ నీళ్ళు నములుతాడు. రాత్రి పూట చేపల లారీ కథ చెప్పిన పిల్లాడికి తన పని గురించి నాలుగు ముక్కలు చెప్పడం అలవాటై ఉంటుంది.

వారానికి ఒక్క శబ్దకుటుంబం చాలు. బాట్, బ్రాట్, కాట్, థాట్, టాట్ ఒక వారం. కెప్ట్, స్లెప్ట్, స్వెప్ట్ ఇంకో వారం. బ్లూ, గ్రూ, న్యూ, త్రూ, ఫ్లూ మరో వారం. కట్, పుట్, షట్, హిట్ అసలు మారనే మారవని చెబితే పిల్లలకి పండగ. ఒక వారానివి తర్వాతి వారం మళ్ళీ తిరగెయ్యండి. ఆదివారం ఒక్కరోజే నలభై రుబ్బించే కన్నా అదే నయం.

మూడో కాలమ్ మాటేమిటంటారా? తొందరపడకండి. మొదటి రెండూ మాటల్లో పరిగెత్తేదాకా వి-త్రీని పక్కన ఉంచండి. దాన్ని తెచ్చేటప్పుడు ఒంటరిగా తేకుండా ‘హావ్ యు ఎవర్’తో కలిపి తెండి. చలికాలంలో ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతుల్ని చూపించి తీసుకొచ్చాక, పిల్లలనే ఒకరినొకరు అడగమనండి: ‘హావ్ యు ఎవర్ సీన్ ఎ పెలికాన్?’ ‘ఎస్, ఐ హావ్’ అనగానే ‘వెన్?’ అని రెండో ప్రశ్న పడాలి. అప్పుడు జవాబు తప్పనిసరిగా రెండో కాలమ్‌లోకి వస్తుంది: ‘ఐ సా వన్ ఇన్ జాన్యువరీ.’