అరవైని ముప్పైగా కుదించే పని

బడుల్లో మిగిలిపోయిన సీట్లని తగ్గించే పనికి ముడిసరుకు జననాల పట్టిక. ఇంగ్లండ్, వేల్స్ కలిపి 2012లో 7,29,674 మంది పిల్లలు పుట్టారు. 2023లో పుట్టింది 5,91,072 మంది. అక్కడ నాలుగేళ్లు నిండిన పిల్లలు ఆ తర్వాత వచ్చే సెప్టెంబరులో రిసెప్షన్ అనే తొలి తరగతిలో చేరతారు. కాబట్టి ఏ ఏడు ఎంతమంది బడి గడప తొక్కుతారో నాలుగేళ్ల ముందే సుమారుగా తెలిసిపోతుంది. లండన్‌లో ఈ తగ్గుదలకి ఇళ్ల అద్దెలు తోడయ్యాయి. పిల్లలు పెరిగి ఇంకో గది కావలసిరాగానే నగరం వదిలి పోయే కుటుంబాలు ఎక్కువ. బ్రెగ్జిట్ కొందరిని, కోవిడ్ ఇంకొందరిని పంపేశాయి. ఒకప్పుడు సీట్లు చాలక తాత్కాలిక గదులు వేసి అదనపు సెక్షన్లు నడిపిన కౌన్సిళ్లే, అంటే స్థానిక పాలకసంస్థలే, ఇప్పుడు ఖాళీ కుర్చీలు లెక్కపెట్టుకుంటున్నాయి. వాటిని తగ్గించడం గోల చేయకుండా, ఏళ్ల తరబడి ఓపిగ్గా చేయాల్సిన పని.

ఉదాహరణకి తరగతికి రెండు సెక్షన్లున్న ఒక ప్రాథమిక బడి తీసుకుందాం. సెక్షన్‌కి 30 మంది చొప్పున ఏడాదికి 60 మంది. రిసెప్షన్ నుంచి ఆరో తరగతి దాకా ఏడు తరగతులు, మొత్తం 420 సీట్లు. ఈ ఏడు రిసెప్షన్‌లో చేరింది 38 మందే.

మొదటి దశ అంచనా. కౌన్సిల్లో సీట్ల ప్రణాళిక చూసే అధికారి పేటల వారీగా జననాల లెక్క తెచ్చుకుంటారు. ఇక్కడ పుట్టిన ప్రతి వంద మందికీ నాలుగేళ్ల తర్వాత ఇక్కడి బడుల్లో చేరుతున్నది ఎందరో గత కొన్నేళ్ల సగటు తీస్తారు. రిసెప్షన్ నుంచి ఒకటికి, ఒకటి నుంచి రెండుకి వెళ్లేటప్పుడు ఎందరు నిలుస్తున్నారో కూడా ఇలాగే చూస్తారు. డాక్టర్ల దగ్గర నమోదైన పసిపిల్లల సంఖ్యతో సరిపోల్చుకుంటారు. కొత్త అపార్టుమెంట్లు లేస్తుంటే, ఎన్ని ఫ్లాట్లకి ఎంతమంది పిల్లలు వస్తారో వేరే కలుపుతారు. లండన్ కౌన్సిళ్లకి ఈ అంచనాలు కట్టడంలో నగర పాలకసంస్థ గణాంక విభాగం సాయపడుతుంది. ఇంతా చేసి సున్నా ఖాళీలు చూపించరు. నూటికి ఐదు నుంచి పది సీట్లు ఖాళీగానే ఉంచుకుంటారు. ఉద్యోగం మీద నడి ఏడాదిలో విమానం దిగే మన తెలుగు కుటుంబాల పిల్లలకి ఇంటి దగ్గర బడి దొరికేది ఆ కాస్త వెసులుబాటు వల్లే.

రెండో దశ డబ్బు లెక్క. అక్టోబరు మొదటి గురువారం బడులన్నీ తలల లెక్క తీస్తాయి. కౌన్సిల్ బడులకి మరుసటి ఏప్రిల్ నుంచి వచ్చే నిధులకి ఆ రోజు అంకే ఆధారం. 2025-26లో ప్రాథమిక బడిలో పిల్లవాడికి కనీస మొత్తం 4,955 పౌండ్లు. 38 మందిని 19 చొప్పున రెండు గదుల్లో కూర్చోబెడితే ఒక్కో గదికి 94,145 పౌండ్లు వస్తాయి. గది నిండి ఉంటే 1,48,650 వచ్చేవి. తేడా 54,505. లండన్ నడిబొడ్డున కొత్తగా చేరే టీచరు ఏడాది జీతం ఇచ్చి ఇంకా మిగిలేంత డబ్బు అది. పిల్లలు తగ్గినా టీచరు, సహాయకురాలు, దీపాలు, హీటరు, ఊడ్చే మనిషి ఎవరూ తగ్గరు.

కష్టమంతా ఈ ముప్పై దగ్గరే. రిసెప్షన్, ఒకటి, రెండు తరగతుల్లో ఒక టీచరు దగ్గర 30 మందికి మించకూడదని 1998 నాటి చట్టం చెబుతోంది. కవలల్లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. ముప్పై ఒకటో పిల్లవాడు మామూలుగా వచ్చి చేరితే రెండో టీచరుని పెట్టాల్సిందే. అందుకే సీట్లని ఐదూ పదీ చొప్పున చెక్కుకుంటూ పోవడం కుదరదు. తీస్తే ముప్పై తీయాలి. 45 పెట్టి, మిగిలిన పదిహేను మందిని పై తరగతి పదిహేను మందితో ఒకే గదిలో కలిపి నడిపే బడులూ ఉన్నాయి. అది చేయి తిరిగిన టీచర్లున్న చోట నడుస్తుంది. తల్లిదండ్రులు మాత్రం మొదటి ఏడాదంతా ప్రశ్నలు వేస్తూనే ఉంటారు.

మూడో దశ ఎక్కడ కోయాలో తేల్చడం. నేను మెచ్చుకునే నైపుణ్యమంతా ఈ దశలోనే కనిపిస్తుంది. అధికారి ముందు పటం పరుచుకుంటారు. రైలుకట్ట, కాలువ, పెద్ద రోడ్డు ఎక్కడున్నాయో చూస్తారు, ఎందుకంటే పటం మీద పక్కపక్కనే ఉన్న బడుల మధ్య చంటిపిల్లని నడిపించుకు వెళ్లే దారి ఉండకపోవచ్చు. లండన్‌లో తల్లిదండ్రులు ఆరు బడుల దాకా వరసగా రాసుకోవచ్చు. ఏ బడిని ఎందరు మొదటి పేరుగా రాశారో, ఎందరు నాలుగో ఐదో పేరుగా రాశారో విడదీస్తారు. మన బడిలో 30 సీట్లు తీసేస్తే మిగిలిపోయే ఎనిమిది మంది ఎటు వెళతారు? పక్క బడిలో 52 మంది ఉంటే ఆ ఎనిమిది మందీ అక్కడ సరిగ్గా సర్దుకుంటారు. ఒక కోతతో రెండు బడుల లెక్క కుదురుతుంది. అదే పక్క బడికి 58 ఉంటే కోత ఇంకో చోట వేయాలి.

చిక్కు ఏమిటంటే కత్తెర అన్నిచోట్లా కౌన్సిల్ చేతిలో ఉండదు. చాలా చర్చి బడులకి ప్రవేశ సంఖ్య, అంటే ఏడాదికి ఎందరిని చేర్చుకుంటామని ముందుగా ప్రకటించే అంకె, వాటి పాలకమండలే నిర్ణయిస్తుంది. ప్రభుత్వ నిధులతో, కౌన్సిల్ అజమాయిషీ లేకుండా నడిచే అకాడమీలకి వాటి ట్రస్టు నిర్ణయిస్తుంది. వాళ్లని ఒప్పించాలే తప్ప ఆదేశించే వీల్లేదు. ఫలితంగా కోత ఎక్కువగా కౌన్సిల్ సొంత బడుల మీదే పడుతుంది. ఇది న్యాయంగా లేదని ఆ బడుల హెడ్‌మాస్టర్లు అంటే కాదనలేం.

నాలుగో దశ క్యాలెండర్. 2027 సెప్టెంబరు నుంచి 60ని 30 చేయాలంటే 2025 అక్టోబరు 1కీ 2026 జనవరి 31కీ మధ్య కనీసం ఆరు వారాలు ప్రజాభిప్రాయం తీసుకోవాలి. ఫిబ్రవరి 28కల్లా నిర్ణయం, మార్చి 15కల్లా ప్రచురణ. అభ్యంతరం ఉన్నవాళ్లు మే 15లోగా బడుల అడ్జుడికేటర్‌కి, అంటే ఈ తగాదాలు తీర్చే స్వతంత్ర అధికారికి, రాసుకోవచ్చు. తన బడికి తక్కువ సంఖ్య పెట్టారని పాలకమండలి కూడా కౌన్సిల్ మీద ఫిర్యాదు చేయొచ్చు. ఆ తర్వాత 2027 జనవరి 15 దరఖాస్తులకి చివరి రోజు, ఏప్రిల్ 16న సీట్ల కేటాయింపు. అక్టోబరులో మొదలైన కాగితం పిల్లల్ని చేరడానికి దాదాపు రెండేళ్లు. అంతదాకా ఆగలేని బడులు నోటిమాటగా ఒకే సెక్షన్ నడుపుతామంటాయి. కానీ ప్రకటించిన అంకె 60 అయితే, ముప్పై ఒకటో పిల్లవాడు వచ్చినప్పుడు లేదనడం కష్టం.

ఐదో దశకి ఏడేళ్లు పడుతుంది. కోత కొత్తగా చేరే తరగతికే వర్తిస్తుంది, చదువుతున్న పిల్లల్ని కదపరు. 2027లో రిసెప్షన్ ఒక్కటే ఒక సెక్షన్ అవుతుంది, 2028లో ఒకటో తరగతి కూడా. ఆరో తరగతి దాకా ఎక్కి మొత్తం 210 సీట్లు అయ్యేసరికి 2033 సెప్టెంబరు. ఏటా ఒక గది ఖాళీ, ఒక టీచరు ఎక్కువ. మన దగ్గర పిల్లల సంఖ్యని బట్టి టీచర్లని సర్దే రేషనలైజేషన్‌లో మిగులు తేలిన టీచరుని అవసరమున్న ఇంకో బడికి బదిలీ చేస్తారు, ఉద్యోగం పోదు. ఇంగ్లండ్‌లో జీతం ఆ బడి బడ్జెట్ నుంచే రావాలి. వేసవి చివరికి మానేయదలచిన టీచర్లు మే 31లోగా నోటీసు ఇవ్వాలి కాబట్టి, తెలివైన హెడ్‌మాస్టరు ఆ తేదీ దాటేదాకా ఎవరినీ తీసేసే మాట ఎత్తరు. ఎవరైనా తామే వెళితే ఆ ఖాళీ నింపకుండా వదిలేస్తారు.

ఖాళీ అయిన గదుల్ని కింది అంతస్తులో, ఒక వరసలో వచ్చేలా తరగతుల్ని జరుపుతారు. అలా జరిపితేనే విడి గేటు పెట్టి నర్సరీ నడపొచ్చు. ఇలాంటి గదుల్ని నర్సరీలుగా మార్చడానికి ప్రభుత్వం తొలి విడతలో 300 బడుల్ని ఎంపికచేసింది. ఆ విడతలో ఒక్కో బడి 1,50,000 పౌండ్ల దాకా అడిగే వీలుండేది. ఇంకొన్ని చోట్ల ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం చిన్న యూనిట్లు పెడతారు. నాకు తెలిసినంతలో అన్నిటికంటే పనికొచ్చే మార్పు అదే, ఎందుకంటే ఆ సీట్లకి మాత్రం కొరత ఉంది. ఏదీ రాని గదికి తాళం వేస్తారు. అప్పుడు కూడా వారానికోసారి కుళాయిలు తిప్పి నీళ్లు వదలాలి, లేకపోతే నిలవనీటిలో లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది.

ముప్పై తీసినా నిలవని బడిని మూసేయాల్సి వస్తుంది. దానికి వేరే చట్టం, 2006 నాటిది. సంప్రదింపులు, తర్వాత నోటీసు, నాలుగు వారాల అభ్యంతరాల గడువు, ఆపై రెండు నెలల్లో నిర్ణయం. లండన్‌లోని హాక్నీ కౌన్సిల్ 2024 వేసవి చివర రాండల్ క్రీమర్, డి బోవోయర్ బడుల్ని మూసింది. కోల్వెస్టోన్‌ని ప్రిన్సెస్ మేలో, బేడెన్-పావెల్‌ని నైటింగేల్‌లో కలిపింది. కౌన్సిల్ బడి అప్పుల్లో మూతపడితే ఆ అప్పు కౌన్సిల్ నెత్తికే వస్తుంది. ఆటస్థలం అమ్మాలంటే మంత్రి అనుమతి కావాలి.

2024లో ఇంగ్లండ్, వేల్స్‌లో 5,94,677 మంది పుట్టారు, ముందటేడు కంటే మూడున్నర వేలు ఎక్కువ. అందుకని అంచనా పట్టిక ప్రతి ఏడూ మళ్లీ కడతారు. తగ్గించడానికి ఆరు వారాల సంప్రదింపులు కావాలి కానీ, 30ని తిరిగి 60 చేయడానికి అంత తతంగం అక్కర్లేదు, కౌన్సిల్ బడి అయితే దాని పాలకమండలిని సంప్రదిస్తే సరిపోతుంది. గదులు ఉంటే చాలు.